మదర్‌బోర్డు పోయిందని తేల్చే ముందు చేయవలసిన పరీక్షలు

ప్రశ్న: నా ల్యాప్‌టాప్ కొని నాలుగేళ్లు దాటింది. రెండు నెలలుగా పని మధ్యలో ఏ హెచ్చరికా లేకుండా ఆగిపోతోంది. ఒక్కోసారి పవర్ బటన్ నొక్కితే లైటు వెలుగుతుంది, ఫ్యాను తిరుగుతుంది, తెర మాత్రం నల్లగానే ఉంటుంది. రెండు మూడుసార్లు ప్రయత్నిస్తే ఎప్పటికో బొమ్మ వస్తుంది. ఫైళ్లు తెరుచుకోవడం కూడా బాగా నెమ్మదించింది. విండోస్ మళ్లీ ఇన్‌స్టాల్ చేసినా తేడా లేదు. బాగుచేసేవాళ్లకు చూపిస్తే ఒకరు మదర్‌బోర్డు పోయిందన్నారు, ఇంకొకరు ర్యామ్ మార్చాలన్నారు, మూడోవారు హార్డ్ డిస్క్ అన్నారు. ఎవరి మాట నమ్మాలి? లోపం ఎక్కడుందో నేనే తెలుసుకునే మార్గం ఉందా?

సమాధానం: ముగ్గురూ మూడు భాగాల పేర్లు చెప్పారు గాని, ఏ పరీక్ష చేసి ఆ నిర్ణయానికి వచ్చారో ఒక్కరైనా చెప్పినట్లు మీ ఉత్తరంలో లేదు. పరీక్ష లేకుండా భాగం మార్చడమంటే చీకట్లో రాయి విసరడమే. తగిలితే అదృష్టం, తగలకపోతే ఖర్చు మీది. కాబట్టి ప్రస్తుతానికి ఎవరి మాటా నమ్మవద్దు, ఎవరి మాటా కొట్టిపారేయవద్దు. మీరు చెప్పిన లక్షణాల్లో చాలావరకు ఒక స్క్రూడ్రైవరు, ఒక టార్చిలైటు, ఒక పెన్‌డ్రైవు, కాస్త ఓపిక ఉంటే ఎవరైనా విడదీసి చూడగలిగినవే. పాటించవలసిన నియమం ఒక్కటే: ఒకసారికి ఒక్క విషయాన్నే మార్చాలి, మార్చాక లోపం పోయిందా, ఉందా, రూపం మారిందా అన్నది తేదీతో సహా కాగితం మీద రాసుకోవాలి. రెండు భాగాలు ఒకేసారి కదిపితే లోపం పోయినా దేనివల్ల పోయిందో తెలియదు.

అన్నిటికంటే ముందు మీ ఫైళ్లను వేరే డ్రైవులోకి కాపీ చేసుకోండి. డిస్క్ మీద అనుమానం ఉన్నప్పుడు విండోస్ మళ్లీ ఎక్కించడం నిజానికి ప్రమాదకరమైన పని, ఎందుకంటే బలహీనపడిన డిస్క్ మీద గంటసేపు ఎడతెగకుండా రాయించినట్లవుతుంది. జరిగిందేదో జరిగింది; ఇకమీదట ఏ పరీక్షకైనా ముందు కాపీ ఉందో లేదో చూసుకోండి. విండోస్ మధ్యలో ఆగిపోతూ కాపీ సాగనివ్వకపోతే, లైనక్స్ (విండోస్‌కు బదులుగా వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) ఎక్కించిన పెన్‌డ్రైవు నుంచి కంప్యూటరును నడిపి, అక్కడి నుంచి ఫైళ్లు తీసుకోవచ్చు. ఈ పెన్‌డ్రైవు తరువాతి పరీక్షలకూ అవసరమవుతుంది కాబట్టి దాన్ని తయారు చేసి పక్కన పెట్టుకోండి.

విండోస్ మార్చినా తేడా లేదన్న మీ మాట ఒక మంచి ఆధారం. అంతకంటే బలమైన ఆధారం మరొకటి ఉత్తరంలోనే ఉంది. పవర్ బటన్ నొక్కాక కంపెనీ గుర్తు కూడా కనిపించక తెర నల్లగా ఉండిపోతున్నదంటే, ఆ క్షణానికి విండోస్ ఇంకా రంగంలోకే రాలేదు. కంపెనీ గుర్తు వచ్చే వరకు నడిచేది బయోస్ (ఆన్ చేయగానే అన్నిటికంటే ముందు నడిచే, మదర్‌బోర్డులోనే ఉండే ప్రోగ్రాము), అది సరిచూసే ప్రాసెసరు, ర్యామ్, డిస్‌ప్లే మాత్రమే. అందువల్ల వైరస్, డ్రైవరు (ఒక్కో భాగాన్ని విండోస్ చేత నడిపించే చిన్న ప్రోగ్రాము) వంటి సాఫ్ట్‌వేర్ కారణాలను ఈ ఒక్క లక్షణం విషయంలోనైనా పక్కన పెట్టవచ్చు. కంపెనీ గుర్తు కనిపించి, ఆ తరువాత తెర నల్లబడుతుంటే మాత్రం లెక్క వేరు. అది గ్రాఫిక్స్ డ్రైవరు వల్ల కూడా జరుగుతుంది. రెండిటిలో ఏది జరుగుతున్నదో జాగ్రత్తగా గమనించండి.

ఇక పని మధ్యలో ఆగిపోవడం సంగతి. ఇందులో ఎలా ఆగిందన్నది ముఖ్యం, ఎప్పుడు ఆగిందన్నది ఇంకా ముఖ్యం. విండోస్ తనలోని లోపాన్ని తెలిపే నీలం తెర వచ్చి ఆగిపోతే ర్యామ్ లేదా డ్రైవరు మీద అనుమానం పెరుగుతుంది. బొమ్మ ఉన్నది ఉన్నట్లు బిగుసుకుపోయి మౌస్ కూడా కదలకపోతే ర్యామ్, డిస్క్ రెండూ అనుమానితులే. కరెంటు పోయినట్లు ఒక్కసారిగా అంతా ఆరిపోతే వేడి గాని, బ్యాటరీ, చార్జరు, పవర్ సర్క్యూట్లు గాని కారణం కావాలి. మీరు ‘ఏ హెచ్చరికా లేకుండా’ అన్నారు కాబట్టి మూడోదే అయి ఉంటుందని అనుకుంటున్నాను. నిర్ధారించుకోవడానికి విండోస్‌లోని ఈవెంట్ వ్యూయర్ తెరిచి, సిస్టమ్ విభాగంలో కెర్నల్ పవర్ 41 అన్న నమోదు వెతకండి. సక్రమంగా షట్‌డౌన్ కాకుండా ఆగిన ప్రతిసారీ, మళ్లీ ఆన్ చేసినప్పుడు విండోస్ దీన్ని రాసి పెడుతుంది. దాని వివరాల్లో బగ్‌చెక్ కోడ్ సున్నా అని ఉంటే నీలం తెర వచ్చిన ఆనవాలు లేదని, అంటే చాలావరకు సరఫరా తెగినట్లు ఆరిపోయిందని అర్థం. వేరే సంఖ్య ఉంటే నీలం తెర వచ్చింది, మీరు చూడలేదంతే.

ఇక్కడ చిన్న విషయం ఒకటి చెప్పాలి. చాలా ల్యాప్‌టాప్‌లలో మూత మూసినట్లు గుర్తించడానికి తెర అంచులో ఒక అయస్కాంతం, కింది భాగంలో దాన్ని పసిగట్టే సెన్సరు ఉంటాయి. అయస్కాంతపు కొక్కెం ఉన్న బ్రేస్‌లెట్ వేసుకుని టైపు చేసినా, అయస్కాంతంతో మూసుకునే కవరు ఉన్న ఫోన్‌ను కీబోర్డు పక్కన పెట్టినా మూత మూశారనుకుని కంప్యూటరు నిద్రలోకి పోతుంది, తెర నల్లబడుతుంది. వినడానికి నవ్వులాటగా ఉన్నా, ఇలా నిక్షేపంగా ఉన్న యంత్రాలు బాగుచేయడానికి వెళ్లడం అరుదేమీ కాదు. మీ విషయంలో అది కారణమైతే బటన్ నొక్కగానే పని ఆగినచోటి నుంచే కొనసాగుతుంది, అన్నీ మొదటి నుంచి తెరుచుకోవు.

వేడిని మొదట పరిశీలించండి, ఎందుకంటే నాలుగేళ్ల యంత్రంలో దుమ్ము పేరుకోకపోవడమే వింత. ప్రాసెసరు వేడెక్కితే వెంటనే ఆగిపోదు. సుమారు 95 నుంచి 105 డిగ్రీల సెల్సియస్ మధ్య దానికి నిర్ణయించిన హద్దు చేరగానే ముందు తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. అప్పటికీ వేడి పెరుగుతూ పోతేనే తనను కాపాడుకోవడానికి సరఫరా తెంచుకుంటుంది. కాబట్టి వేడివల్ల ఆగే కంప్యూటరు ఆగడానికి ముందు కొంతసేపు ఈడ్చుకుంటూ నడుస్తుంది, ఫ్యాను గట్టిగా మోగుతుంది లేదా అసలే తిరగదు, గాలి బయటికి వచ్చే కంత దగ్గర చేయి పెడితే వేడిగాలి బలహీనంగా వస్తుంది. ఆగిన వెంటనే ఆన్ చేస్తే ఈసారి ఇంకా తొందరగా ఆగిపోతుంది. అరగంట చల్లారనిస్తే మళ్లీ ఎక్కువసేపు నడుస్తుంది. ఈ చివరి గుర్తు చాలా నమ్మదగినది. ఉష్ణోగ్రతను అంకెల్లో చూడాలంటే హెచ్‌డబ్ల్యూఇన్ఫో వంటి ఉచిత ప్రోగ్రాము వేసుకుని, ఒక వీడియో నడుపుతూ పది నిమిషాలు గమనించండి. మామూలు పనిలో 40 నుంచి 60 వరకు ఉండటం సహజం. బరువైన పనిలో 80, 90 దాటడం కూడా ల్యాప్‌టాప్‌లలో మామూలే. ఏ పనీ చేయకుండా ఖాళీగా ఉన్నప్పుడే 85 దాటి ఉంటే మాత్రం వేడి పోయే దారి మూసుకుపోయినట్లే.

మీరు ఫైళ్లు నెమ్మదిగా తెరుచుకుంటున్నాయని రాసిన మాటను ఇక్కడే మరోసారి చూడాలి. ఆ నెమ్మదితనం చల్లగా ఉన్న యంత్రాన్ని ఉదయం ఆన్ చేసిన మొదటి నిమిషం నుంచే ఉందా, లేక పని మొదలైన కొంతసేపటికి వస్తున్నదా? మొదటి నిమిషం నుంచే ఉంటే డిస్క్‌ను అనుమానించాలి. కొంతసేపటికి వచ్చి, తరువాత ఆగిపోవడంతో ముగుస్తుంటే వేడే నెమ్మదింపజేస్తున్నది, డిస్క్‌కు దానితో సంబంధం ఉండకపోవచ్చు. హార్డ్ డిస్క్ అన్న మూడో వ్యక్తి బహుశా ఈ నెమ్మదితనాన్ని మాత్రమే చూసి చెప్పి ఉంటారు.

వేడి నిజమని తేలితే అడుగు మూత విప్పి శుభ్రం చేయవలసిందే. బయటి కంతల్లోంచి గాలి ఊదితే దుమ్ము లోపలే ఇంకోచోట చేరుతుంది. అడ్డు ఎక్కువగా ఫ్యానుకూ, దాని ముందున్న సన్నటి లోహపు రేకుల వరుసకూ మధ్య మందపాటి దుమ్ము పొరలా పట్టి ఉంటుంది. ఫ్యాను రెక్కలు శుభ్రంగా కనిపిస్తున్నాయని దాన్ని చూడకుండా వదిలేయకూడదు. షట్‌డౌన్ చేసి, చార్జరు తీసి, మూత విప్పగానే ముందుగా బ్యాటరీ కనెక్టరును మదర్‌బోర్డు నుంచి విడదీయండి. గాలి ఊదేటప్పుడు ఫ్యాను రెక్కలను వేలితో పట్టుకోండి, లేకపోతే అది అతివేగంగా తిరిగి బేరింగు పాడవుతుంది. కొన్ని మరలు రబ్బరు పాదాల కింద దాగి ఉంటాయి, మరల పొడవులు కూడా ఒకేలా ఉండవు. ఏ మర ఎక్కడిదో కాగితం మీద అడుగు బొమ్మ గీసుకుని ఆయా చోట్ల అతికించుకోవడం మంచిది, ఎందుకంటే పొట్టి మర చోట పొడుగు మర బిగిస్తే అది పైకి పొడుచుకొచ్చి లోపలి భాగాన్ని దెబ్బతీస్తుంది. దుమ్ము తీసినా వేడి తగ్గకపోతే ప్రాసెసరు మీద దాని వేడిని బయటికి చేరవేసే థర్మల్ పేస్ట్ ఎండిపోయి ఉంటుంది. అది మార్చడం కష్టమైన పని కాదు గాని, అలవాటు లేకపోతే తెలిసినవారి చేత చేయించండి.

ఉష్ణోగ్రత సరిగ్గానే ఉండి కూడా ఆగిపోతుంటే సరఫరా వైపు చూడాలి. చార్జరు పెట్టి రెండు రోజులు, చార్జరు తీసి బ్యాటరీ మీద రెండు రోజులు వాడి, ఎప్పుడు ఆగుతున్నదో రాసుకోండి. బ్యాటరీ మీద ఉన్నప్పుడు మాత్రమే, అదీ 30 లేదా 40 శాతం చూపిస్తూ ఉండగానే ఆరిపోతుంటే బ్యాటరీ పని అయిపోయింది. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పవర్‌సీఎఫ్‌జీ అన్న ఆదేశానికి బ్యాటరీరిపోర్ట్ అన్న మాటను స్లాష్‌తో జోడించి (powercfg /batteryreport) ఇస్తే ఒక నివేదిక తయారవుతుంది. అందులో తయారీనాటి సామర్థ్యం, ఇప్పుడు పూర్తిగా చార్జి చేస్తే నిలిచే సామర్థ్యం పక్కపక్కనే ఉంటాయి. మొదటిది 48,000 మిల్లీవాట్ అవర్లు, రెండోది 19,000 అని ఉంటే ఇక వేరే సాక్ష్యం అక్కర్లేదు. లిథియం అయాన్ బ్యాటరీ కొన్ని వందల చార్జింగు ఆవృత్తాల తరువాత తగ్గడం దాని స్వభావం, నాలుగేళ్లకు అలా కావడం లోపమని కూడా అనలేం.

అయితే టచ్‌ప్యాడ్ పైకి ఉబికినట్లు, నొక్కితే క్లిక్కుమనకుండా గట్టిగా ఉన్నట్లు, అడుగు మూత బల్ల మీద సమంగా ఆనకుండా ఊగుతున్నట్లు కనిపిస్తే పరీక్షలన్నీ ఆపేయండి. బ్యాటరీ లోపల వాయువు చేరి ఉబ్బుతున్నదని దానర్థం. చార్జింగు పెట్టవద్దు, నొక్కి సమం చేయబోవద్దు, సూదితో పొడవడం వంటి సాహసం అసలే వద్దు; దానికి మంటలు అంటుకోగలవు. యంత్రాన్ని ఆపి, మండే వస్తువులకు దూరంగా పెట్టి, బ్యాటరీని నిపుణుల చేత తీయించాలి. ఈ పనిని మాత్రం ‘మీరే చేయండి’ అని నేను అనను.

చార్జరు మీద ఉన్నప్పుడే ఆగుతుంటే వైరును, యంత్రంలో అది దూరే చోటును మెల్లగా కదిపి చూడండి. చార్జింగు లైటు మినుకుమినుకుమంటే వైరు తెగి ఉండాలి, లేదా లోపలి జాక్ వదులై ఉండాలి. చార్జరు ఎప్పుడైనా మార్చి ఉంటే దాని వాట్లు పాతదానితో సరిపోతున్నాయో లేదో చూడండి. 65 వాట్లు కోరే యంత్రానికి 45 వాట్ల చార్జరు పెడితే కంప్యూటరు వెలుగుతుంది గాని, బరువైన పనిలో బ్యాటరీ నుంచి కూడా లాగుకుంటుంది. డెల్ వంటి కొన్ని కంపెనీల యంత్రాలు చార్జరు తనదేనా కాదా అన్నది గుర్తించలేకపోతే బ్యాటరీ చార్జింగును ఆపి, ప్రాసెసరు వేగాన్ని కూడా తగ్గిస్తాయి. ఆ నెమ్మదితనాన్ని చూసి డిస్క్ మార్చుకున్నవారు ఉంటారు.

ఇప్పుడు నల్లతెర. ఇందులో తేల్చవలసిన మొదటి ప్రశ్న, యంత్రం నడుస్తూ బొమ్మ మాత్రమే రావడం లేదా, లేక యంత్రమే మొదలు కావడం లేదా అన్నది. దీనికి చాలా సులువైన పరీక్ష ఉంది. తెర నల్లగా ఉన్నప్పుడు ఒక నిమిషం ఆగి క్యాప్స్ లాక్ మీట నొక్కండి. దాని లైటు నొక్కిన ప్రతిసారీ వెలిగి ఆరుతుంటే ప్రాసెసరు, ర్యామ్ పనిచేస్తున్నాయి, మీ ఇబ్బంది తెర వైపే. అప్పుడు గదిలో దీపం ఆర్పి, టార్చిలైటును తెర మీద ఏటవాలుగా వేసి దగ్గరగా చూడండి. మసకమసకగా అక్షరాలో, బొమ్మలో కనిపిస్తే తెర బొమ్మను చూపిస్తూనే ఉంది, వెనకనుంచి వెలిగించే బ్యాక్‌లైటు మాత్రమే పోయింది. ఏమీ కనిపించకపోతే హెచ్‌డీఎంఐ వైరుతో టీవీకో, వేరే మానిటరుకో కలపండి. అక్కడ బొమ్మ చక్కగా వస్తే మదర్‌బోర్డును దాదాపు నిర్దోషిగా వదిలేయవచ్చు; తెర గాని, కీలుగుండా వెళ్లే సన్నటి డిస్‌ప్లే కేబుల్ గాని కారణం. మూతను మెల్లగా ముందుకూ వెనక్కూ కదిలిస్తుంటే బొమ్మ వస్తూ పోతూ ఉంటే ఆ కేబులే. బయటి మానిటరులోనూ అవే గీతలు, అవే రంగుల మచ్చలు కనిపిస్తేనే గ్రాఫిక్స్ చిప్పును అనుమానించాలి.

క్యాప్స్ లాక్ లైటు స్పందించకపోతే యంత్రం మొదలే కావడం లేదు. చార్జరు తీసి, బ్యాటరీ విడదీసి, పవర్ బటన్‌ను అర నిమిషం నొక్కి పట్టుకుని, తరువాత చార్జరు ఒక్కటే పెట్టి ఆన్ చేయండి. బోర్డులో మిగిలి ఉన్న విద్యుత్తు ఖాళీ అవడంతోనే కొన్ని యంత్రాలు దారికొస్తాయి. రాకపోతే ఆన్ అయ్యేటప్పుడు వినిపించే బీప్‌లు, లేదా పవర్ లైటు మిణుకుల వరుస ఎన్నో లెక్కపెట్టండి. ఏ వరుస ఏ భాగాన్ని సూచిస్తుందో ప్రతి కంపెనీ తన మాన్యువల్లో ఇస్తుంది, ఒకరిది మరొకరికి వర్తించదు.

రెండు మూడుసార్లు ప్రయత్నిస్తే బొమ్మ వస్తుందని మీరు రాసిన తీరును బట్టి, నా మొదటి అనుమానం ర్యామ్ మీద, ఇంకా సరిగ్గా చెప్పాలంటే ర్యామ్ కూర్చున్న స్లాటు మీద. పూర్తిగా చచ్చిపోయిన భాగం ఎప్పుడూ పనిచేయదు. ఒక్కోసారి పనిచేసేది వదులుగా ఉన్న భాగం. ర్యామ్‌ను రెండు పక్కల కొక్కేలు విప్పి బయటికి తీసి, బంగారు రంగు అంచును పొడి మెత్తటి గుడ్డతో తుడిచి, ఏటవాలుగా లోపలికంటా నెట్టి, కొక్కేలు టక్కున పడేదాకా కిందికి నొక్కండి. రెండు కార్డులుంటే అసలు పరీక్ష ఇక్కడ మొదలవుతుంది. ఒక్కదాన్నే మొదటి స్లాటులో పెట్టి చూడండి, అదే కార్డును రెండో స్లాటులో పెట్టి చూడండి, తరువాత రెండో కార్డుతో అదంతా మళ్లీ చేయండి. లోపం కార్డు వెంట ఏ స్లాటుకు పోతే ఆ స్లాటుకు వస్తుంటే ర్యామ్ మార్చాలి. ఏ కార్డు పెట్టినా ఒకే స్లాటు దగ్గర లోపం కనిపిస్తుంటే లోపం మదర్‌బోర్డుది, అయినా మిగిలిన స్లాటుతో నెట్టుకురావచ్చు. యంత్రం మొదలయ్యాక మెమ్‌టెస్ట్86 అన్న ప్రోగ్రామును పెన్‌డ్రైవు నుంచి రాత్రంతా నడపండి. ర్యామ్ పరీక్షలో ఒక్క తప్పు వచ్చినా తప్పినట్లే, ‘ఒక్కటే కదా’ అనుకోవడానికి వీల్లేదు. కొన్ని పలుచటి ల్యాప్‌టాప్‌లలో ర్యామ్ బోర్డుకే అతికి ఉంటుంది కాబట్టి వాటిలో ఈ మార్పిడి కుదరదు.

డిస్క్ పరీక్ష వీటన్నిటికంటే తేలిక. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో వంటి ఉచిత ప్రోగ్రాము డిస్క్ తన గురించి తాను దాచుకునే స్మార్ట్ నమోదులను చూపిస్తుంది. హార్డ్ డిస్క్ అయితే 5 అన్న సంఖ్య ఉన్న వరుసలో పాడై పక్కన పెట్టిన సెక్టార్లు (డిస్క్ మీద సమాచారం రాసే చిన్న గడులు), 197లో చదవడానికి మొరాయిస్తున్న సెక్టార్లు, 198లో సరిదిద్దలేకపోయినవి ఉంటాయి. సంఖ్యలు హెక్సాడెసిమల్ పద్ధతిలో (అందులో 197 అంటే C5, 198 అంటే C6, 199 అంటే C7) కనిపించవచ్చు గాని, చూడవలసింది అవి సున్నాలేనా అన్నదే. 197లోని సంఖ్య వారం తరువాత పెరిగి ఉంటే డిస్క్ మార్చడం తప్పదు. 199 మాత్రమే పెరుగుతుంటే డిస్క్‌ది కాదు, కేబుల్‌ది గాని కనెక్టర్‌ది గాని తప్పు. ఎస్‌ఎస్‌డీలో (తిరిగే పళ్లెం లేకుండా చిప్పుల్లో సమాచారం దాచే డిస్క్‌లో) ఈ వరుసల పేర్లు వేరుగా ఉంటాయి, మిగిలిన ఆయువు శాతం రూపంలో కనిపిస్తుంది. అసలు నివృత్తి మాత్రం ఇంకో దారిలో దొరుకుతుంది. డిస్క్‌ను పూర్తిగా బయటికి తీసి, ముందుగా తయారు చేసుకున్న లైనక్స్ పెన్‌డ్రైవుతో యంత్రాన్ని ఒక పూట నడపండి. అప్పుడు కూడా మధ్యలో ఆరిపోతుంటే ఆరిపోవడానికీ డిస్క్‌కూ సంబంధం లేదు. డెల్‌లో ఆన్ చేయగానే ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్2 నొక్కితే కంపెనీవారి పరీక్షలు కూడా విండోస్ అవసరం లేకుండా నడుస్తాయి. అవి ‘పాస్’ అన్నంత మాత్రాన నిశ్చింతగా ఉండలేం, ‘ఫెయిల్’ అంటే మాత్రం నమ్మవచ్చు.

తేదీ, సమయం ఆన్ చేసిన ప్రతిసారీ పాత సంవత్సరానికి పోతుంటే లోపలి నాణెంలాంటి 3 వోల్టుల బ్యాటరీ అయిపోయింది, అంతే.

ఇక మదర్‌బోర్డు. పనిచేస్తుందని తెలిసిన చార్జరు పెట్టి, బ్యాటరీ విడదీసి, డిస్క్ తీసేసి, మంచిదని తేలిన ఒక్క ర్యామ్ కార్డును రెండు స్లాట్లలోనూ మార్చి చూసినా, బయటి మానిటరు కలిపినా క్యాప్స్ లాక్ లైటు కూడా స్పందించకపోతే అప్పుడు మదర్‌బోర్డు అనవచ్చు. నీళ్లో, కాఫీయో ఎప్పుడైనా ఒలికి ఉంటే, మూత విప్పినప్పుడు తెల్లటి లేదా ఆకుపచ్చటి పొక్కులు, కాలిన వాసన ఉంటే ఆ అనుమానం ఇంకా ముందే రావాలి. అప్పుడైనా బోర్డు మొత్తం మార్చవలసిందే అనుకోకండి. షార్ట్ అయిన ఒక చిన్న కెపాసిటరో, పవర్ జాకో మార్చి బాగుచేయగలిగినవారు ఉన్నారు. కొత్త బోర్డు కొన్నాక ర్యామ్ స్లాటులో దుమ్ము దొరికితే కొండను తవ్వి ఎలుకను పట్టినట్లవుతుంది.

మీ ఉత్తరంలో ఉన్నంతవరకు చూస్తే, ఆగిపోవడానికి వేడి, నల్లతెరకు వదులైన ర్యామ్ కారణాలు కావచ్చని నా అంచనా; రెండూ ఒకే మూత కింద, ఒకే పూటలో చూడదగినవి. అయినా పరీక్షల ఫలితం దీనికి భిన్నంగా వస్తే నా అంచనాను వదిలేసి ఫలితాన్నే పట్టుకోండి. మళ్లీ బాగుచేయించడానికి ఇవ్వవలసి వస్తే డిస్క్‌ను ఇంట్లోనే ఉంచి యంత్రాన్ని ఇవ్వండి, ర్యామ్ కార్డుల, బ్యాటరీ సీరియల్ సంఖ్యలను ఫొటో తీసుకోండి, మీరు రాసుకున్న కాగితం నకలును యంత్రంతో పాటు అందించండి. వారు ఏ భాగం పేరు చెప్పినా, అది పోయిందని ఏ పరీక్షలో తేలిందో, మంచి భాగం పెట్టి చూసినప్పుడు లోపం పోయిందో లేదో అడిగి, జవాబు విన్న తరువాతే మార్చడానికి ఒప్పుకోండి.